వ్యాక్యూమ్ పంపు: ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత 14 నెలలు వాడి చెప్తున్న మాట

ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత అంగం గట్టిపడడానికి వాడే ఈ పంపు కొనాలా వద్దా అని రాత్రిపూట ఫోన్ పట్టుకుని వెతుకుతున్న మగవాళ్ల కోసం రాస్తున్నాను. ఏడాదిన్నర కిందట నేనూ అలాగే వెతికాను. దొరికినవన్నీ రెండు ముక్కల్లో తేల్చేశారు: "బాగుంది", "డబ్బు దండగ". ఆపరేషన్ అయిన ఎన్నాళ్లకు మొదలుపెట్టారు, నరాలు మిగిలాయా లేదా, అంతకుముందు ఆరోగ్యం ఎలా ఉండేది, మాత్రలతో కలిపి వాడారా, విడిగానా, ఒక్కరూ చెప్పలేదు. ఇవి తెలియకుండా ఈ వస్తువు గురించి ఎవరేమన్నా పనికిరాదు. అందుకని ముందు నా సంగతి చెప్తాను.

నాకు 59 ఏళ్లు. టైలర్‌ని. 18 ఏళ్లప్పుడు మిషన్ ముందు కూర్చున్నాను, ఇప్పటికీ లేవలేదు. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉందని బయాప్సీలో తేలింది, గ్రంథి మొత్తం తీసేశారు. ఆ గ్రంథికి రెండు పక్కలా సన్నటి నరాల కట్టలు పోతాయి. అంగం గట్టిపడడానికి కబురు మోసేవి అవే. అవి గ్రంథికి ఎలా అంటిపెట్టుకుని ఉంటాయో సర్జన్ బొమ్మ గీసి చూపిస్తే నాకు కాలర్ గుర్తొచ్చింది. కాలర్ లోపల వేసే బిరుసు గుడ్డని బక్రం అంటాం, ఇస్త్రీకి అతుక్కుపోయిన ఆ బక్రాన్ని పై గుడ్డ చిరక్కుండా ఊడదీయడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఎడమవైపు కట్టని పూర్తిగా కాపాడామని, కుడివైపు గడ్డ అంచుకి దగ్గరగా ఉండడంతో కొంత తీయక తప్పలేదని చెప్పారు. ఆపరేషన్‌కి ముందు నాకు ఆ విషయంలో ఏ ఇబ్బందీ లేదు. షుగర్ లేదు, గుండె జబ్బు లేదు, బీపీకి ఒక మాత్ర ఉంది. ఇవన్నీ నాకు కలిసొచ్చినవే. మీ లెక్క వేరైతే ఫలితం కూడా వేరుగా ఉంటుంది.

నాకు మొదట ఇచ్చింది పంపు కాదు, మాత్ర. మూత్రం కోసం పెట్టిన గొట్టం (క్యాథెటర్) తీసిన మూడు వారాలకు సిల్డెనఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) 50 మిల్లీగ్రాములు రాశారు. వేసుకున్నాను. మొహం వేడెక్కింది, ముక్కు దిబ్బడ వేసింది, తల బరువెక్కింది. కింద మాత్రం చలనం లేదు. ఆ తర్వాత 100 చేశారు. తలనొప్పి పెరిగింది, అంతే. ఆ రాత్రి నా పని అయిపోయిందనుకున్నాను. మా ఆవిడకి చెప్పకుండా మిగిలిన మాత్రలు తీసుకెళ్లి మిషన్ సొరుగులో బాబిన్ల కింద దాచేశాను.

తర్వాతి చెకప్‌లో నర్సమ్మ ఒకావిడ కూర్చోబెట్టి అడిగింది. చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడే అర్థం చేసుకుని, "ఈ మాత్ర అంగాన్ని లేపదండీ. నరం పంపిన కబురు తొందరగా చెరిగిపోకుండా కాపాడుతుంది. మీ నరాలు ఇంకా కబురే పంపడం లేదు, పాపం మాత్ర మాత్రం ఏం చేస్తుంది?" అంది. ఆ ఒక్క మాట నాకు ఆపరేషన్‌కి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ రాత్రి అంత ఏడ్చి ఉండేవాణ్ణి కాదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కోరిక కలిగినప్పుడు నరాల కొసల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది. దానివల్ల సీజీఎంపీ అనే రసాయనం పుట్టి, అంగంలోని మెత్తటి కండరం సడలుతుంది. అప్పుడు రక్తం వచ్చి నిండుతుంది. పీడీఈ5 అనే ఎంజైమ్ ఆ సీజీఎంపీని ఎప్పటికప్పుడు విరిచేస్తుంటుంది. సిల్డెనఫిల్, టడలఫిల్ లాంటి మాత్రలు ఆ ఎంజైమ్‌కి అడ్డం పడతాయి. రక్తనాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్ ఇలా కబురు మోస్తుందని కనుక్కున్నందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి నోబెల్ వచ్చింది. సిల్డెనఫిల్‌కి అనుమతి వచ్చింది కూడా ఆ ఏడాదే. ఇదంతా మొదలయ్యేది నరం దగ్గర. ఆపరేషన్‌లో నరాన్ని కొయ్యకపోయినా, లాగినందుకూ తాకినందుకూ అది మొద్దుబారిపోతుంది. తేరుకోవడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టొచ్చు, కొందరికి ఇంకా ఎక్కువ.

మరి అన్నాళ్లూ అంగం సంగతేమిటి? ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో తెలియకుండానే రాత్రికి నాలుగైదు సార్లు గట్టిపడుతుంది. ఆ కండరానికి మంచి రక్తం, ఆక్సిజన్ అందేది అప్పుడే. ఆపరేషన్ తర్వాత అదీ ఆగిపోతుంది. నెలల తరబడి ఆక్సిజన్ సరిగా అందకపోతే కండరం నారలాగా బిరుసెక్కుతుంది, పొడవు తగ్గుతుంది. నరం తేరుకుని కబురు పంపేసరికి అందుకోవాల్సిన కండరం పాడైపోయి ఉంటే ఏం లాభం? పంపు వచ్చేది ఇక్కడే. దానికి నరంతో పనిలేదు. చుట్టూ గాలి తీసేస్తే రక్తం దానంతటదే లోపలికి వస్తుంది.

ఈ పంపు చరిత్ర చదివినప్పుడు నాకు ధైర్యం వచ్చింది. దీన్ని ఇప్పటి తీరుకి తెచ్చిన గెడింగ్స్ ఓస్బన్ డాక్టరు కాదు. టైర్ల పని చేసుకునే అమెరికా మనిషి. తనకి వచ్చిన ఇబ్బందికి తన చేతులతోనే ఉపాయం చేసుకుని, ఏళ్ల తరబడి తానే వాడి, ఆ తర్వాత పదిమందికీ ఇచ్చాడు. దానికి అక్కడి ప్రభుత్వ అనుమతి 1982లో వచ్చింది. నరాల కట్టలను చూసుకుని కాపాడుతూ ప్రోస్టేట్ తీసే ఆపరేషన్ పాట్రిక్ వాల్ష్ మొదటిసారి చేసింది కూడా 1982లోనే. పాపావెరిన్ ఇంజెక్షన్‌తో అంగం గట్టిపడుతుందని రోనాల్డ్ విరాగ్ ప్రకటించిందీ ఆ ఏడాదే. నాకప్పుడు పెళ్లి కూడా కాలేదు. నా కోసమే అందరూ కలిసి పని మొదలుపెట్టినట్టు అనిపించింది.

ఇప్పుడు నేను చేసిన తప్పు. పంపు అని వినగానే డాక్టరు సలహా కోసం ఆగకుండా ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించుకున్నాను. పేరు రాయను. ఇదే తీరువి బోలెడు ఉన్నాయి. గొట్టం, రబ్బరు బుడ్డి, అంతే. గాలి ఎంత తీస్తున్నామో చూపించే ముల్లు లేదు, మితిమీరితే ఆపే ఏర్పాటు లేదు. ఎంత లాగితే అంత మేలనుకుని లాగాను. పొద్దున్నకి చర్మం మీద ఎర్రటి చుక్కలు, కింద వక్కంత నల్లగా కమిలిన మచ్చ. రెండు వారాలు ఏమీ ముట్టుకోవద్దన్నారు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకైతే ఇది ఇంకా ప్రమాదమని అప్పుడే చెప్పారు. సికిల్ సెల్ లాంటి రక్త జబ్బులున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా అసలు దగ్గరికి రానివ్వకూడదట.

ఆ తర్వాత డాక్టరు చీటీ మీద వచ్చిన పంపు గురించే ఈ రాత. చేత్తో నొక్కే రకం. బ్యాటరీది కూడా ఉంది, చేతివేళ్లు సరిగా వంగని వాళ్లకి అది మేలు. పెట్టెలో ఇవి వచ్చాయి: గాజులా తేటగా ఉన్న ప్లాస్టిక్ గొట్టం, దాని తలకి పంపు, గాలి వదిలే చిన్న మీట, ఐదు సైజుల రబ్బరు రింగులు, రింగుని గొట్టం మీదికి ఎక్కించడానికి గరాటా లాంటి ముక్క, నీటితో తయారైన జెల్. ఈ పంపులో నాకు అన్నిటికన్నా నచ్చింది తలలో ఉన్న కవాటం. గాలి ఒక హద్దు దాటి తీయబోతే "టిక్" మని చిన్న చప్పుడు చేసి వదిలేస్తుంది. నేను మొదటిసారి ఆ చప్పుడు విని పాడైందేమో అనుకున్నాను. తర్వాత దాన్ని విన్నప్పుడల్లా మనసు కుదుటపడేది. ఆ టిక్కు లేని పంపు ఎంత చవకగా వచ్చినా ముట్టుకోకండి.

మొదటి వారం చిరాకే. గొట్టం అంచు ఒంటికి అతుక్కోదు, ఎక్కడో సన్నగా సుయ్యిమని గాలి లోపలికి వచ్చేస్తుంది. వెంట్రుకలు కత్తెరతో పొట్టిగా కత్తిరించి, అంచు చుట్టూ, చర్మం మీదా జెల్ ధారాళంగా రాశాకగానీ పట్టు దొరకలేదు. వృషణం సంచి చర్మం లోపలికి లాక్కుపోతే ప్రాణం పోయినంత పనవుతుంది. రెండో చేత్తో దాన్ని కిందికి పట్టుకోవాలి. నిలబడి, గోడకి వీపు ఆనించి చేస్తే నాకు బాగా కుదిరింది. రెండు మూడు సార్లు నొక్కడం, కాసేపు ఆగడం, మళ్లీ నొక్కడం. నిండాక కొద్దిసేపు ఉంచి, మీట నొక్కి గాలి వదిలేసి, మళ్లీ మొదలు. మొత్తం కలిపి పది నిమిషాలు, రోజూ. ఇది కండరానికి కసరత్తు మాత్రమే, రింగు వెయ్యకూడదు. చాలామంది తేడా తెలియక కసరత్తుకి కూడా రింగు బిగిస్తున్నారు.

గొట్టంలోంచి మొదటిసారి అది నిండుతుంటే చూసినప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు నెలలుగా ముడుచుకుపోయి ఉన్నది. రంగు కొంచెం నీలంగా ఉంటుంది, ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, భయపడకండి. పంపు లాగే రక్తంలో చెడురక్తం కూడా కలిసి ఉంటుంది కాబట్టి అలా ఉంటుంది.

రింగు ఎప్పుడంటే, భార్యాభర్తలు కలవాలనుకున్నప్పుడు. నిండిన రక్తం వెనక్కి పోకుండా అంగం మొదలు దగ్గర బిగించి పట్టేది అదే. ఇక్కడ నేను టైలర్‌గా మాట్లాడతాను. ఈ పంపులో నాకున్న పెద్ద ఫిర్యాదు రింగుల మీదే. ఎలాస్టిక్ పని అయిపోతే వేలికి తెలిసిపోతుంది. లాగితే సాగుతుంది, వదిలితే పూర్తిగా వెనక్కి రాదు, దగ్గరగా చూస్తే సన్నటి బీటలు ఉంటాయి. ఈ రింగులు నాలుగైదు నెలల్లో అలా అయ్యాయి. ఒకదానికి లాగి తీసే చెవి, అతుకు దగ్గర సగానికి తెగింది. అది నా చేతిలో తెగింది కాబట్టి సరిపోయింది, ఒంటి మీద ఉండగా తెగి ఉంటే తియ్యడానికి ఎంత తంటా పడేవాణ్ణో. వాడిన ప్రతిసారీ చెవులు లాగి చూసుకోండి. జెల్ కడగకుండా పెట్టెలో పెడితే రబ్బరు ఇంకా తొందరగా పోతుంది. సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాలి. సైజు విషయం కూడా: మొదట్లో నాకు చిన్న సైజు రింగు వేస్తేగానీ రక్తం నిలవలేదు. అది నొప్పి. ఏ సైజైనా 30 నిమిషాలకి మించి ఉంచకూడదు. నేను పక్కన గడియారం పెట్టుకుంటాను. రింగుతో నిద్రపోవడం అన్న మాటే ఉండకూడదు.

మాత్రల దగ్గరికి వస్తాను. పంపు మొదలుపెట్టిన రెండు నెలలకి బాబిన్ల కింద నుంచి సిల్డెనఫిల్ మళ్లీ బయటికి తీశాను, ఈసారి డాక్టర్ని అడిగే. కొంచెం కదలిక కనిపించింది. ఒక ఆదివారం మధ్యాహ్నం మాత్ర వేసుకుని, పని మిగిలిపోయిందని మిషన్ ముందు కూర్చున్నాను. ముదురు ఆకుపచ్చ జాకెట్టుకి చేతులు అతకాలి. దారం ఎక్కించి కుట్టేశాను. సాయంత్రం దీపం కింద చూస్తే కుట్టు మొత్తం నీలం దారం. 40 ఏళ్లలో నేను దారం రంగు తప్పింది లేదు. కంటికి ఏదో అయిందని వణికిపోయాను. డాక్టర్ని అడిగితే, సిల్డెనఫిల్ కొందరికి కంటిలోని మరో ఎంజైమ్ మీద కూడా కాస్త పనిచేస్తుందని, నీలం, ఆకుపచ్చ తేడా కొన్ని గంటలు సరిగా తెలియకపోవచ్చని, లేదా అంతా నీలి ఛాయలో కనిపించవచ్చని చెప్పారు. మోతాదు పెరిగితే ఇదీ పెరుగుతుందట. నాలాగా రంగులతో బతికేవాళ్లు, బండి నడిపేవాళ్లు ఇది ముందే తెలుసుకుని ఉండాలి. ఒక కంటికి చూపు ఉన్నట్టుండి పోయినా, చెవి ఉన్నట్టుండి వినిపించకపోయినా అది వేరే సంగతి. మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి పోవాలి. నాలుగు గంటలు దాటినా అంగం మెత్తబడకపోయినా అంతే.

అందుకని నన్ను టడలఫిల్‌కి మార్చారు. మొదట వారానికి రెండుసార్లు 20 మిల్లీగ్రాములు. రంగుల గొడవ పోయింది. కానీ మాత్ర వేసుకున్న మర్నాటికి నడుము, పిరుదులు, తొడల వెనక లాగేసేది. రోజంతా కుర్చీలో కూర్చునే వృత్తి నాది. మొదట ఆ నొప్పిని వయసు మీద, కుర్చీ మీద వేశాను. నోటుబుక్కులో తేదీలు చూసుకుంటే ప్రతిసారీ మాత్ర మర్నాడే వస్తోంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతోంది. ఆ పేజీ చూపిస్తే డాక్టరు వెంటనే రోజుకి 5 మిల్లీగ్రాములకి మార్చారు. నొప్పి చాలావరకు పోయింది. ముక్కు దిబ్బడ మాత్రం ఇప్పటికీ ఉంది, దానికి అలవాటుపడ్డాను. సిల్డెనఫిల్ కొన్ని గంటలే ఉంటుంది, నూనె ఎక్కువున్న భోజనం మీద వేసుకుంటే ఆలస్యంగా పట్టుతుంది. టడలఫిల్‌కి భోజనంతో పేచీ లేదు, ఒంట్లో సగానికి తగ్గడానికే 17 గంటల పైన పడుతుంది. రోజూ వేసుకుంటే ఎప్పుడు వేసుకోవాలి, ఎంతసేపు ఆగాలి అన్న గడియారపు లెక్క తప్పుతుంది. మా ఇద్దరికీ అదే పెద్ద ఊరట.

రోజూ మాత్ర వేసుకుంటే నరాలు తొందరగా బాగవుతాయా అని అడిగాను. డాక్టరు దాచకుండా చెప్పారు. 2014లో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో, తొమ్మిది నెలలు రోజూ టడలఫిల్ వేసుకున్నవాళ్లు మాత్ర ఆపి చూసుకుంటే, సొంతంగా లేచే శక్తిలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకన్నా మెరుగ్గా ఏమీ లేరట. పొడవు తగ్గడం మాత్రం వాళ్లలో తక్కువగా ఉందట. నాకు ఆ నిజం నచ్చింది. ఏం ఆశించాలో తెలిసింది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ గానీ, ఐసోసార్బైడ్ లాంటి నైట్రేట్ మందు ఏదైనా గానీ వాడేవాళ్లు ఈ మాత్రలు ముట్టుకోకూడదు. బీపీ ప్రాణం మీదికి వచ్చేంత పడిపోతుంది. టడలఫిల్ వేసుకున్న 48 గంటల్లో గుండెనొప్పి వస్తే, సిగ్గుపడకుండా ఆస్పత్రిలో మొదట ఆ మాటే చెప్పాలి. మూత్రం సాఫీగా రావడానికి ఇచ్చే టామ్సులోసిన్ లాంటి మందులతో కూడా తల తిరిగి పడిపోయే ప్రమాదముంది. నా జేబులో మందుల పేర్లు రాసిన చీటీ ఎప్పుడూ ఉంటుంది. మా ఆవిడ దగ్గర ఇంకొకటి.

ఆవిడ గురించి రాయకపోతే ఈ రాత సగమే. మొదటి నెలంతా స్నానాల గదిలో తలుపు గడియ పెట్టుకుని పంపు వాడేవాణ్ణి. ఒకరోజు తలుపు బయటే నిలబడి, "ఏవండీ, లోపల ఒక్కరే ఎందుకండీ కష్టపడతారు? నాకు చూపించకూడనిది ఏముంది మీ దగ్గర?" అంది. తలుపు తీశాను. అప్పటి నుంచి గొట్టం పట్టుకునేది ఆవిడే, గడియారం చూసేది ఆవిడే. రింగుతో మొదటిసారి కలిసినప్పుడు సరిగా కుదరలేదు. రింగుకి లోపలి భాగం మెత్తగానే ఉండిపోతుంది కాబట్టి మొదలు దగ్గర కీలు తిరిగినట్టు ఊగుతుంది. మెల్లగా, చేత్తో పట్టుకుని ఉండాలని నేర్చుకున్నాం. చల్లగా ఉందని ఆవిడ అంటే, ముందు వేడినీళ్లలో తడిపిన తుండు కాసేపు కప్పుతున్నాం.

ఇంకో రెండు విషయాలు నాకెవరూ ముందు చెప్పలేదు. ప్రోస్టేట్, వీర్యకోశాలు తీసేశాక వీర్యం రాదు, ఇక ఎప్పటికీ. కానీ సుఖం అనుభవించే నరం వేరు, అది అలాగే ఉంటుంది, అంగం మెత్తగా ఉన్నా భావప్రాప్తి కలుగుతుంది. నాకు పంపు ఇంకా కుదరని రోజుల్లోనే అది జరిగింది, నమ్మలేకపోయాను. రెండోది, ఆ క్షణంలో కొద్దిగా మూత్రం కారవచ్చు. మొదటిసారి కారినప్పుడు నేను సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకున్నాను. ఇప్పుడు ముందే మూత్రానికి వెళ్లి వస్తాను, కింద ఒక తువ్వాలు పరుచుకుంటాం. మూత్రాన్ని బిగబట్టే కండరాల వ్యాయామం రోజూ మూడు పూటలా చేస్తే అది బాగా తగ్గింది.

ఫలితం ఎంత? ఆస్పత్రిలో గట్టిదనానికి 1 నుంచి 4 దాకా అంకెలు వేస్తారు. 1 అంటే పెరిగింది గానీ గట్టిపడలేదు, 2 గట్టిపడింది గానీ కలయికకి చాలదు, 3 కలయికకి చాలుతుంది గానీ పూర్తిగా గట్టిగా లేదు, 4 పూర్తి. నోటుబుక్కులో, పంపు లేకుండా, మొదటి నాలుగు నెలలూ 0, అంటే చలనమే లేదు, అప్పుడప్పుడూ 1. ఎనిమిదో నెలలో మాత్ర మీద, పంపు లేకుండా మొదటిసారి 2 రాసుకున్నాను. ఆ పేజీలోనే తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు కొంచెం నిండుగా ఉందని రాసి ఉంది. పంపుతో, రింగుతో మాత్రం మూడో నెల నుంచే 3 వస్తోంది. పొడవు కొంచెం తగ్గింది, అది నిజం, కానీ మొదటి మూడు నెలల్లో తగ్గినంతే, ఆ తర్వాత తగ్గలేదు.

పంపుకి నాలుగు నక్షత్రాలు ఇస్తాను. ఒకటి రింగుల కోసం కోశాను. దానితో వచ్చిన చిన్న పుస్తకంలో కసరత్తుకి ఎలా వాడాలో రాయకపోవడం కూడా తప్పే, కలయికకి వాడే పద్ధతి ఒక్కటే ఉంది. మాత్రలూ పంపూ కలిపి కూడా చాలకపోతే తర్వాత ఇంజెక్షన్ ఉందని, అదీ చాలకపోతే లోపల పెట్టే ఇంప్లాంట్ ఉందని డాక్టరు చెప్పి ఉంచారు. నాకు రెండేళ్లు నిండడానికి ఇంకా టైము ఉంది, అప్పటిదాకా ఇదే పద్ధతి.

పోయిన వారం కొత్త రింగులు తెప్పించాను. చిన్న సైజు ఇప్పుడు మరీ బిగుతైపోతోంది, అందుకని ఈసారి దానికన్నా ఒక సైజు పెద్దవి.